బోదకాలు మాత్ర వెనక ఉన్న భీమవరం మనిషి



మా ఊరి మందిరంలో మా నాయనమ్మ ఎప్పుడూ ఆఖరి వరసలో, గుమ్మం పక్కనే కూర్చునేది. ప్రభు బల్ల రోజున అందరూ లేచి ముందుకు వెళ్లినా ఆవిడ మాత్రం కదిలేది కాదు. పాస్టరు గారే రొట్టె, ద్రాక్షారసం ఆవిడ దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు. వయసు మీద పడింది కాబట్టి అలా చేస్తున్నారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అది కాదని తర్వాత తెలిసింది. ఆవిడ ఎడమ కాలు మోకాలి కింది నుంచి పాదం దాకా స్తంభంలా ఉబ్బిపోయి ఉండేది. నలుగురి ముందూ ఆ కాలు ఈడ్చుకుంటూ నడవడం ఆవిడకి ఇష్టం లేదు. చీర కుచ్చిళ్లు ఎప్పుడూ ఆ కాలి మీదకే లాక్కునేది.

గోదావరి జిల్లాల్లో పుట్టిన వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. బోదకాలు ఉన్న మనిషి ఒక్కరైనా లేని వీధి మీ చిన్నతనంలో ఉండేది కాదు. ఆడవాళ్లకి కాలు, మగవాళ్లలో చాలామందికి వరిబీజం. వరిబీజం గురించి ఎవరూ బయటికి చెప్పుకునేవారు కాదు, ఏళ్ల తరబడి పంచె మాటున దాచుకునేవారు.

ఈ జబ్బు మీద పనిచేసే మందును ప్రపంచానికి అందించిన ప్రయోగశాలకు పెద్దగా ఉన్న మనిషి భీమవరంలో పుట్టాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరు మీకు తెలియనిది కాదు. ఆయన మీద ఫార్వర్డ్‌లు మన ఫోన్లకు ఏటా వస్తూనే ఉంటాయి. శరీరానికి శక్తినిచ్చే ఏటీపీ, ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందు అన్నీ వాటిలో ఉంటాయి. పురుగుల మందు సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంలో ముగుస్తుంది. నాకు అది అన్యాయంగా తోస్తుంది. మిగతావన్నీ లోకం మొత్తానికి పనికొచ్చాయి. ఇది లోకానికి పనికొస్తూనే, సూటిగా ఆయన సొంత జిల్లా కాళ్ల దగ్గరికి వచ్చింది. అందుకే ఈ నెల ఆయన కథ ఆ వైపు నుంచి చెబుతాను.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. పెరిగింది రాజమండ్రిలో. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు, ఏడుగురు పిల్లలు, చాలీచాలని ఇల్లు. చదువులో మెరిసిన పిల్లవాడేమీ కాదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. దారిలో దొరికిపోయాడు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు వెళ్లాక. పదో తరగతి మార్కులు చూసి పిల్లల భవిష్యత్తు తేల్చేసే తల్లిదండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

మద్రాసులో ఆయన మనసు సన్యాసం వైపు మళ్లింది. తల్లి ఒప్పుకోలేదు. రామకృష్ణ మఠం పెద్దలు కూడా వైద్యం చదవమనే చెప్పారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లాడు. ఇంగ్లిష్ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసు దారి మూసుకుపోయాక, మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాడు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు వచ్చి, తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి పోయారు. వైద్యం చదివినవాడు ఇంట్లో ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఉష్ణమండల జబ్బుల గురించి చదవాలని ఆయన అమెరికా వైపు చూడటం అప్పుడే మొదలైంది.

డబ్బు ఎక్కడిది? కొంత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఇచ్చారు. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ నుంచి వచ్చింది. సత్యలింగ నాయకర్ ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? సముద్రం దాటి బర్మా వెళ్లి, రంగూన్‌లో సంపాదించి, ఆ ఆస్తి ధర్మానికి రాసిన తెలుగువాడు. అంటే ఒక దేశంలో స్థిరపడిన తెలుగువాడి సంపాదన ఇంకో తెలుగువాణ్ణి ఇంకో దేశానికి చదువుకు పంపింది. పరదేశంలో ఉండి ఊళ్లో పిల్లలకు ఫీజులు పంపే మనకు ఈ ముక్క మిగతా కథకంటే దగ్గరగా అనిపిస్తుంది.

1922 అక్టోబరు చివర్లో ఆయన బోస్టన్‌లో దిగాడు. ఇంటి దగ్గర భార్య శేషగిరి గారు. 1919లో పెళ్లయింది. కొన్నాళ్లు చదువుకుని తిరిగి వస్తాడన్నది ఇద్దరి ఆలోచన. ఆయన వెళ్లాక మగబిడ్డ పుట్టాడు. చర్మం ఎర్రబారి జ్వరం తెచ్చే ఒక బాక్టీరియా జబ్బుతో ఏడాది నిండకుండానే ఆ బిడ్డ పోయాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. భార్యను మళ్లీ చూడలేదు. తల్లిని మళ్లీ చూడలేదు. మొత్తం ఇరవై ఆరేళ్లు అలాగే గడిచిపోయాయి.

ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రావడానికి నాకు మనసు ఒప్పదు. అప్పటి పరిస్థితులు కఠినం, నిజమే. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం లేదని తేల్చింది. ఒకసారి దేశం దాటితే మళ్లీ రానిస్తారన్న భరోసా లేదు. వీసా స్టాంపింగ్ భయంతో తల్లిదండ్రుల అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయిన వాళ్లను మనం మన సంఘంలోనే చూశాం. అయినా శేషగిరి గారి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఆయన పేరు మీద పోస్టల్ స్టాంపు 1995లో వచ్చింది. ఆవిడ ఎదురుచూపుకు ఏ స్టాంపూ లేదు.

ఆయన హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశాడు. పొట్టకూటికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిళ్లు పోర్టరు పని, అంటే రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం. డిగ్రీ ఉన్న వైద్యుడు ఆ పని చేశాడు. తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ ఫిస్కే సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ వెంటనే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. 1930లో పీహెచ్‌డీ. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత స్థానం ఇవ్వలేదు. ఈ భాగం గురించి చాలామంది రాశారు కనుక ఇక్కడితో వదిలేస్తాను.

1940లో ఆయన లెడర్లీ లేబొరేటరీస్‌కి మారాడు. అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద కంపెనీ కింద ఉన్న మందుల సంస్థ అది. ఉండేది పెర్ల్ రివర్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలో, సరిగ్గా న్యూజెర్సీ గీత పక్కన. నేనుండే అపార్ట్‌మెంట్ నుంచి కారులో ముప్పావుగంట. ఆ ఎగ్జిట్ బోర్డు పక్క నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మా నాయనమ్మ మింగిన మాత్ర పుట్టిన ఊరు అదేనని తెలియకుండానే వెళ్లాను.

ఇప్పుడు పురుగు దగ్గరికి వద్దాం. శత్రువు ఎవరో తెలియకపోతే మందు విలువ తెలియదు.

బోదకాలు తెచ్చే పురుగు దారప్పోగులా ఉంటుంది. ఆడది ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగం. మన ఒంట్లో రక్తనాళాలతో పాటు లింఫు నాళాలని మరో కాలవల వ్యవస్థ ఉంటుంది. కణాల మధ్య మిగిలిపోయిన నీటిని అవి తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఈ పురుగులు ఆ కాలవల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆడ పురుగు లక్షల్లో పిల్లల్ని కంటుంది. ఆ పిల్లల పేరు మైక్రోఫైలేరియా. కంటికి ఆనవు. మన ప్రాంతంలో అవి పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి దోమలు కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రి పది దాటాక టార్చిలైట్లు వేసుకుని వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పగలు రాకుండా నిద్ర చెడగొడతారేమిటని అందరూ విసుక్కునేవాళ్లు. అసలు కారణం ఇదీ.

దోమ ఆ రక్తం తాగుతుంది, పిల్ల దోమలో పెరుగుతుంది, దోమ ఇంకొకరిని కుడుతుంది. మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ పని చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ లింఫు కాలవలు చెడిపోతాయి, నీరు నిలిచిపోతుంది, కాలు ఉబ్బుతుంది.

ఈ పురుగును చంపడం ఎందుకంత కష్టం? బాక్టీరియాకూ మనకూ శరీర నిర్మాణంలో చాలా తేడా ఉంది కాబట్టి, దాన్ని చంపి మనల్ని వదిలేసే మందు దొరుకుతుంది. పురుగు అలా కాదు. దానికీ నరాలున్నాయి, కండరాలున్నాయి, పేగు ఉంది. దానికి విషమైనది చాలాసార్లు మనకూ విషమే. 1940ల్లో దీనికి వాడి చూసినవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలిసిన మందులు. సూదితో ఎక్కించాలి, ప్రమాదం ఎక్కువ. పైగా ఈ జబ్బు బీదవాళ్లది. మందు కొనే స్తోమత లేని వాళ్ల కోసం ఏ కంపెనీ కోట్లు పోస్తుంది?

యుద్ధం ఆ లెక్క మార్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు సమోవా వంటి పసిఫిక్ దీవుల్లో దిగారు. వేలమందికి ఈ జబ్బు సోకింది. చేతులు, వృషణాలు వాచాయి. పెద్ద బోదకాళ్లతో ఉన్న స్థానికులను చూసి, మన గతీ ఇంతేనా, ఇక పిల్లలు పుట్టరా అని కుర్రాళ్లు బెంబేలెత్తిపోయారు. చాలామందిని వెనక్కి పంపేయాల్సి వచ్చింది. తరతరాలుగా కోట్లమంది కాళ్లు ఉబ్బితే కదలని పరిశోధన అప్పుడు చకచకా కదిలింది. ఇది నాకు మింగుడుపడని నిజం, కానీ నిజమే.

లెడర్లీలో ఈ పని మొదలైనప్పుడు పరిశోధన విభాగానికి డైరెక్టరు సుబ్బారావు. పరాన్నజీవుల మీద పని చూసినవాడు హ్యూయిట్. రసాయనాలు తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు శామ్యూల్ కుష్నర్. మనిషి పురుగును ప్రయోగశాలలో పెంచే దారి లేదు. అందుకని కాటన్ ర్యాట్ అనే అడవి ఎలుకను పట్టుకున్నారు. దానికి సహజంగానే ఒక రకం ఫైలేరియా పురుగు ఉంటుంది. ఒక్కో రసాయనం ఎలుకకు ఇవ్వడం, రక్తపు చుక్క తీయడం, సూక్ష్మదర్శిని కింద పెట్టి పురుగు పిల్లల్ని లెక్కించడం. తగ్గాయా? లేదా? తగ్గకపోతే ఇంకో రసాయనం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకి ఈ విసుగు బాగా తెలుసు. కాకపోతే మన టెస్ట్ కేసులు కరవవు.

చివరికి పిపరజిన్ అనే చిన్న వలయం ఆధారంగా తయారైన పదార్థాలు దారి చూపించాయి. ఈ పేరు మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. తర్వాతి కాలంలో పిల్లలకు నులిపురుగులు, ఏలికపాములు పోవడానికి పట్టిన తియ్యటి సిరప్ పిపరజినే. లెడర్లీ వాళ్లు ఆ వలయానికి ఒక చివర మిథైల్, ఇంకో చివర డైఇథైల్‌కార్బమైల్ అనే గుంపులు తగిలించిన పదార్థం ఎలుకల్లోనూ, ఫైలేరియా ఉన్న కుక్కల్లోనూ పనిచేసింది. దాని పేరు డైఇథైల్‌కార్బమజిన్. పొట్టిగా డీఈసీ. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. మన మందుల షాపుల్లో బానోసైడ్ పేరుతో దొరికిందీ ఇదే.

1947లో ఆ పరిశోధన పత్రం అచ్చయింది. ఆరుగురి పేర్లున్నాయి. హ్యూయిట్ ముందు, కుష్నర్ రెండు, సుబ్బారావు అందరికంటే చివర. ప్రయోగశాల పెద్ద పేరు చివర వేయడం శాస్త్రవేత్తల మధ్య మామూలే అనుకోండి. కానీ ఆయన విషయంలో అది ఒక్క పత్రానికే పరిమితం కాదు, ఆయన తీరే అంత. పేపర్లలో ఫొటోలు, సభల్లో ఉపన్యాసాలు పని చేసిన కుర్రాళ్లకే వదిలేసేవాడు. మరి మందు ఆయన కనిపెట్టాడనవచ్చా? ఆయన ఒక్కడే కనిపెట్టాడనే ఫార్వర్డ్‌లు తప్పు. గొట్టం పట్టుకున్నవాడు కుష్నర్, ఎలుకల్ని చూసినవాడు హ్యూయిట్. ఏ జబ్బు మీద పని చేయాలో, ఎవరిని దేనికి పెట్టాలో చూసినవాడు సుబ్బారావు. కోడ్ రాయని మేనేజరు ఏం చేశాడని మనం వెక్కిరిస్తుంటాం గాని, అలాంటి పెద్ద దొరికిన టీముకు తేడా తెలుస్తుంది.

అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. నోటితో మింగే మాత్ర. రక్తంలో ఉన్న పురుగు పిల్లలు గబగబా తగ్గిపోయాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ మందును గాజుగొట్టంలో పురుగు పిల్లల మీద వేస్తే అవి దాదాపు ఏమీ పట్టనట్టు ఈదుతూనే ఉంటాయి. మనిషి ఒంట్లోకి వెళ్తే మాత్రం అవి కాలేయంలో చిక్కుకుపోయి, మన రక్షణ కణాలకు ఆహారమైపోతాయి. అంటే మందు ఒక్కటే చంపదు, మన శరీరమూ చేయి కలపాలి. ఇప్పటికీ దాని పనితీరు పూర్తిగా తేలలేదు. లోకల్ మెషీన్‌లో రాని ఫలితం ప్రొడక్షన్‌లో మాత్రమే వచ్చే సంగతి లాంటిది ఇది. గొట్టాలను మాత్రమే నమ్మి ఎలుకలను పక్కన పెట్టి ఉంటే ఈ మందు చెత్తబుట్టలోకి పోయేది.

ఇంకో మలుపు చూడండి. మందు తయారయ్యేసరికి యుద్ధం అయిపోయింది. ఇళ్లకు చేరిన సైనికులకు కొత్త దోమకాట్లు లేవు కాబట్టి చాలామంది మందు లేకుండానే కోలుకున్నారు. ఎవరి కోసం వెతకడం మొదలైందో వాళ్లకు పెద్దగా అవసరం పడలేదు. అవసరం మిగిలింది ఎవరికంటే గోదావరి, కృష్ణా మురుగు కాలవల పక్క బతికే మనవాళ్లకి, ఒడిశా, బీహార్ జనానికి, ఈజిప్టుకు, దీవుల వాళ్లకి.

ఆ ఒకటి రెండేళ్లలోనే ఆ ప్రయోగశాల నుంచి ఏమేమి వచ్చాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేశారు. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు అది మందైంది. దాని వెనకే అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948 వేసవిలో లోకానికి పరిచయమైంది. దాన్ని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఒక విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన పెద్దాయన్ని సుబ్బారావు పిలిచి పనిలో పెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది.

ఆ కుటుంబం గుర్తు పెట్టుకోండి, పురుగు కథలోకి అది మళ్లీ వస్తుంది. ఫైలేరియా పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బాక్టీరియా కాపురముంటుంది. అది లేకపోతే పురుగు పిల్లల్ని కనలేదు, ఎక్కువ కాలం బతకలేదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తే ఆ బాక్టీరియా చచ్చి, దాంతో పెద్ద పురుగులూ పోతాయని సుబ్బారావు పోయిన దాదాపు అర్ధ శతాబ్దానికి తేలింది. ఒకే కప్పు కింద, ఒకే పెద్ద కింద పుట్టిన రెండు మందులు ఒకే పురుగును రెండు వైపుల నుంచి పట్టుకున్నాయి. ఆ సంగతి వాటిని తయారుచేసిన వాళ్లెవరికీ అప్పుడు తెలియదు.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. యాభై మూడేళ్లు. 1946లో వచ్చిన చట్టంతో భారతీయులకు పౌరసత్వం తలుపు కాస్త తెరుచుకుంది గాని, ఆయన చనిపోయేనాటికి అమెరికా పౌరుడు కాలేదు. ఆయన వదిలి వచ్చిన దేశం అప్పటికి స్వతంత్ర దేశమై ఏడాది. సుబ్బారోమైసిస్ అని ఒక శిలీంధ్రానికి తర్వాత ఆయన పేరు పెట్టారు.

హెట్రజాన్ లోపాలు కూడా చెప్పాలి. మందు పేరు పొగిడి వదిలేస్తే మీకు సగమే చెప్పినట్టు. అది పురుగు పిల్లల్ని బాగా తుడిచేస్తుంది, పెద్ద పురుగుల్ని కొంతవరకే చంపుతుంది. ఆఫ్రికాలో నది ఒడ్డున నల్ల ఈగ కుట్టి కళ్లు పోగొట్టే ఇంకో ఫైలేరియా జబ్బుంది. అది ఉన్నవాళ్లకు డీఈసీ ఇస్తే ఒళ్లంతా తీవ్రంగా దురద, జ్వరం, కంటికి కూడా ప్రమాదం. అక్కడ ఐవర్‌మెక్టిన్ వచ్చే దాకా ఆగాల్సి వచ్చింది. ఐవర్‌మెక్టిన్ మొదట పశువుల మందుగా వచ్చింది. దాని మీద పనిచేసిన విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురా 2015లో నోబెల్ అందుకున్నారు. గొర్రెల మందు అమ్మితే డబ్బొస్తుంది కాబట్టి ఆ పరిశోధన జరిగింది, మనుషులకు అది కొసరుగా దొరికింది. పురుగుల మందుల చరిత్ర అంతా ఇలాగే ఉంటుంది. ఎవరో సైనికుడి కోసమో, ఎవరిదో గొర్రె కోసమో వెతుకుతుంటే బీదవాడికి దొరుకుతుంది.

డీఈసీని ఉప్పులో కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఉప్పు గురించి సంఘస్థులకు నేను వేరే చెప్పనక్కర్లేదు. చైనాలో కోట్లమంది ఆ ఉప్పు తిన్నారు. 2007లో ఆ దేశం నుంచి ఈ జబ్బు పోయిందని గుర్తింపు వచ్చింది. మన దేశంలో 2004 నుంచి ఏడాదికోసారి ఊరంతటికీ మాత్రలు మింగించడం మొదలైంది. తర్వాత ఆల్బెండజోల్ జత చేశారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. 2027కల్లా తుడిచేయాలన్నది లక్ష్యం. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు.

మరో సంగతి వింటే మీకు సంతోషం కలుగుతుంది. ఈసాయ్ అనే జపాన్ కంపెనీ 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు 220 కోట్ల డీఈసీ మాత్రలు ఉచితంగా ఇస్తానని మాటిచ్చింది. అవి తయారయ్యేది విశాఖపట్నంలో. భీమవరం మనిషి ప్రయోగశాలలో పుట్టిన మందు, ఇప్పుడు భీమవరానికి కొన్ని గంటల దూరంలో తయారై ఓడలెక్కి వెళ్తోంది.

మాత్ర ఉబ్బిన కాలును తగ్గించదు. అది చాలామందికి తెలియక, ఎన్ని మింగినా కాలు అలాగే ఉందని మానేస్తారు. ఉబ్బిన కాలికి కావలసింది వేరు. రోజూ సబ్బు, నీళ్లతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పుండ్లకు మందు రాసి, పడుకున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకోవాలి. వేళ్ల సందుల్లో పగుళ్లలోంచి బాక్టీరియా దూరితేనే ఆ చలిజ్వరాలు వస్తాయి, వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం పెరుగుతుంది. సుబ్బారావు బిడ్డను తీసుకుపోయిందీ ఇలాంటి చర్మపు జబ్బే. మా నాయనమ్మకు కాలు కడుక్కోమని ఎవరూ చెప్పలేదు. తాయెత్తు మాత్రం కట్టారు. పాస్టరు గారు చూసి ఏమీ అనలేదు.

ఊళ్లో మాత్రలు పంచడం మొదలైన ఏడాది నేను హైస్కూల్లో ఉన్నాను. నర్సు అమ్మ వరండాలో నిలబడి అందరికీ చేతిలో పెట్టింది. నాయనమ్మ నీళ్లు కూడా అడగకుండా మింగేసింది. నాకు జ్వరం, కళ్లు తిరగడం వస్తాయని స్నేహితులు చెప్పారు. పురుగు పిల్లలు చస్తుంటే కొందరికి అలా అవుతుందని, అది మందు పనిచేస్తున్న గుర్తు అని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. మాత్రలు నాలిక కింద పెట్టుకుని, మింగానని నోరు తెరిచి చూపించి, పెరట్లోకి వెళ్లి అరటిచెట్టు మొదట్లో ఉమ్మేశాను. వెనక నుంచి నాయనమ్మ చూసింది. నాన్నతో చెప్పలేదు. మరుసటి ఏడాది మాత్రలు పంచినప్పుడు మాత్రం, ఆ కాలు ఈడ్చుకుంటూ వరండా దాకా నడిచి వచ్చి, నేను మింగేదాకా నా పక్కనే నిలబడింది.